దినామూ వచ్చే పిల్లోడే గదా సార్!
(కంప్యూటరు గుర్తుపెట్టుకున్న అనుమతికి 50 ఏళ్ల చరిత్ర)

మన బడికి ఇప్పుడున్న పెద్ద ఇనుప గేటు రాకముందు రోడ్డు వైపు చిన్న గేటు ఒకటే ఉండేది. పక్కనే వేపచెట్టు కింద స్టూలు వేసుకుని వాచ్‌మన్ తాత కూర్చునేవాడు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం ఆయన అందరినీ ఆపేవాడు. "ఏ క్లాసు అబ్బయా? ఏ సెక్షను?" అని అడిగి, ఆఫీసులో ఇచ్చిన పట్టీలో మన పేరు ఉందో లేదో పెద్ద క్లాసు పిల్లల చేత చదివించుకునేవాడు. రెండో వారం నుంచి ఆ పట్టీ స్టూలు కింద దుమ్ము కొట్టుకుపోయేది. మొహం చూస్తే చాలు, చెయ్యి ఊపి లోపలికి పంపేసేవాడు. వందల మంది పిల్లలను రోజూ పట్టీలో వెతుకుతూ కూర్చుంటే ప్రార్థన అయిపోయేసరికి కూడా సగం మంది రోడ్డు మీదే ఉంటారు మరి.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా సెక్షను కుర్రాడొకడు టీసీ తీసుకుని వేరే బడిలో చేరాడు. అయినా రెండు నెలలపాటు సాయంత్రం పూట మన గేటులోంచే వచ్చి, మన మైదానంలో కబడ్డీ ఆడి, మన లైబ్రరీలో చందమామలు చదువుకుని వెళ్లేవాడు. ఒకనాడు హెడ్మాస్టరు గారి కంట పడ్డాడు. ఆయన వాచ్‌మన్ తాతను పిలిపించారు.

"ఏమయ్యా, వీడు టీసీ తీసుకుని రెండు నెలలాయె గదా, ఎట్ల వదిలినావు లోపలికి?"

"దినామూ వచ్చే పిల్లోడే గదా సార్! టీసీ తీసుకున్నాడని నాకెవురు చెప్పినారు?"

హెడ్మాస్టరు గారు కాసేపు ఏమీ అనలేకపోయారు. టీసీ మీద సంతకం పెట్టింది ఆయనే. ఆ సంగతి గేటు దాకా చేరవేయాల్సిన పని ఎవరిదో బడిలో ఎవరూ అనుకోలేదు.

తరవాత నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పడ్డాను. ఎక్కువకాలం చేసిన పని, అప్లికేషన్లలో ఎవరు ఏది చూడవచ్చు, ఏది మార్చవచ్చు అని తేల్చే భాగం రాయడం. వాచ్‌మన్ తాత ప్రశ్న నన్ను అక్కడా వదల్లేదు. మన సంఘం 1975లో పుట్టింది. ఆ ప్రశ్నను కంప్యూటర్ల విషయంలో సూటిగా కాగితం మీద పెట్టిన వ్యాసం అచ్చయిందీ 1975లోనే. సావనీరుకు ఏదైనా చరిత్ర రాయమని కార్యదర్శి గారు అడిగారు. బడి చరిత్ర నాకంటే బాగా తెలిసిన గురువులు ఈ సంచికలో రాస్తున్నారు కనుక, నాకు తెలిసిన ఈ రెండో 50 ఏళ్ల చరిత్ర నేను రాస్తాను.

అడగడం ఒక పని, గుర్తుంచుకోవడం ఇంకో పని

మీరు బ్యాంకు యాప్ తెరిచినా, పిల్లల మార్కులు ఆన్‌లైన్‌లో చూసినా, తెర వెనక ఒక ప్రశ్న పదేపదే నడుస్తుంటుంది. "ఈ మనిషి, ఈ వస్తువు మీద, ఈ పని చేయవచ్చా?" జవాబు చెప్పే భాగం వేరే చోట ఉంటుంది. అది ఉద్యోగుల జాబితా చూడాలి, హోదా చూడాలి, నియమాలు చదవాలి, ఆ తరవాతే అవుననో కాదనో చెప్పాలి. ఒక్కో జవాబుకు సెకనులో రెండు వందల వంతు పడుతుందనుకుందాం. ఒక్క పేజీ చూపడానికి అలాంటి ప్రశ్నలు నూరు అడగాల్సివస్తే అర సెకను పోయినట్టే. వెయ్యి మంది ఒకేసారి వస్తే జవాబు చెప్పే యంత్రం ముందు కొండ మీద క్యూ లాంటిదే తయారవుతుంది.

అందుకని ఒకసారి వచ్చిన జవాబును దగ్గర పెట్టుకుని, మళ్లీ అదే ప్రశ్న వస్తే అక్కణ్ణుంచే చెప్పేస్తారు. ఇలా దగ్గర పెట్టుకునే చోటును క్యాష్ అంటారు. పలకడం నగదులాగే ఉన్నా దీనికి డబ్బుతో సంబంధం లేదు. దాచిపెట్టడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ 1965లోనే ఇలాంటి చిన్న వేగవంతమైన జ్ఞాపకం గురించి రాశాడు. క్యాష్ అన్న పేరు మాత్రం 1968లో ఐబీఎం సంస్థ సిస్టం 360 మోడల్ 85 కంప్యూటరుతో వ్యాప్తిలోకి వచ్చింది. ఆ రోజుల్లో అందులో దాచింది అంకెలూ ఆదేశాలూ. అనుమతులను కూడా అలా దాచవచ్చా, దాస్తే ఏమవుతుంది అన్నదే మన కథ.

అంకెలు దాచడానికీ అనుమతులు దాచడానికీ ఒక తేడా ఉంది. క్రికెట్ స్కోరు అర నిమిషం పాతది కనిపిస్తే ఎవరికీ నష్టం లేదు. ఉద్యోగం నుంచి తీసేసిన మనిషికి అర నిమిషం పాత "అవును" చేతిలో ఉంటే, ఆ అర నిమిషంలో ఖాతాల పుస్తకం మొత్తం పట్టుకుపోవచ్చు.

ఒకరు చెరిపారు, ఒకరు వదిలేశారు

1965లో అమెరికాలోని ఎంఐటీ, బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి మల్టిక్స్ అనే పెద్ద ఆపరేటింగ్ సిస్టం పని మొదలుపెట్టాయి. ఒకే యంత్రాన్ని ఎంతోమంది పంచుకుని వాడుకోవడం దాని ఉద్దేశం. అలా పంచుకుంటే ఎవరి కాగితాలు ఎవరు చూడవచ్చో రాసిపెట్టుకోవాలి. మల్టిక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక జాబితా ఉండేది. ప్రతిసారీ ఆ జాబితా తిరగేస్తే యంత్రం నత్తలా నడుస్తుంది. అందుకని మొదటిసారి చూసిన జవాబును, ఆ ఫైలు వాడుతున్న ప్రోగ్రాము దగ్గర చిన్న గుర్తుగా రాసిపెట్టేవారు.

మల్టిక్స్ వాళ్లు అక్కడితో ఆగలేదు. ఎవరైనా జాబితాను మార్చిన వెంటనే, ఆ ఫైలు తెరిచి వాడుతున్న ప్రోగ్రాములు ఎన్ని ఉన్నాయో వెతికి, అన్నింటి దగ్గరా ఆ గుర్తును చెరిపేసేవారు. తరవాతి క్షణం ఎవరు ఫైలును ముట్టుకున్నా మళ్లీ జాబితా దాకా వెళ్లి అడగాల్సిందే. మన బడి భాషలో, టీసీ మీద సంతకం పడగానే ఆఫీసు ప్యూను పరుగెత్తుకెళ్లి గేటు దగ్గర తాతకు చెప్పడం.

బెల్ ల్యాబ్స్ 1969లో మల్టిక్స్ నుంచి తప్పుకుంది. అక్కడి కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ చిన్న యంత్రం మీద, చిన్న పద్ధతిలో యూనిక్స్ తయారు చేశారు. యూనిక్స్ ఫైలు తెరిచేటప్పుడు ఒక్కసారి మాత్రం అనుమతి చూస్తుంది. తెరిచాక, మూసేదాకా మళ్లీ అడగదు. మధ్యలో యజమాని అనుమతి తీసేసినా, అప్పటికే తెరిచి కూర్చున్నవాడు హాయిగా చదువుకోవచ్చు. మనిషి ఏ బృందంలో ఉన్నాడన్నది కూడా లాగిన్ అయినప్పుడు చూసి, బయటికి వెళ్లేదాకా అదే నిజమనుకుంటుంది. పని తేలిక, వేగం ఎక్కువ. నేటి లైనక్స్ సర్వర్లలో కూడా ఈ నడవడి అలాగే ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు "బృందంలో చేర్చారు సార్, అయినా తెరుచుకోవడం లేదు" అని వస్తే, బయటికి వెళ్లి మళ్లీ లాగిన్ కమ్మని ఇప్పటికీ చెబుతుంటాం.

1975: అనుమానించమన్న పెద్దలు

1975 సెప్టెంబరులో ఐఈఈఈ వారి పత్రికలో ఎంఐటీకి చెందిన జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ కలిసి ఒక పెద్ద వ్యాసం రాశారు. కంప్యూటరులోని సమాచారాన్ని కాపాడటం గురించి. ఇద్దరూ మల్టిక్స్ మీద పనిచేసినవారు. రక్షణ ఏర్పాట్లకు ఎనిమిది సూత్రాలు చెప్పారు. ఇవాళ్టికీ ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆ ఎనిమిదీ పాఠం చెబుతారు.

వాటిలో ఒకటి సంపూర్ణ తనిఖీ. ప్రతి వస్తువునూ ముట్టుకునే ప్రతిసారీ అధికారం ఉందో లేదో చూడాలన్నది సూత్రం. దాని కిందే, వేగం కోసం తనిఖీ ఫలితాన్ని గుర్తుపెట్టుకుందామని ఎవరైనా వస్తే అనుమానంతో చూడమనీ, అధికారం మారినప్పుడు గుర్తుపెట్టుకున్న చోట్లన్నీ పద్ధతి ప్రకారం మార్చి తీరాలనీ చెప్పారు. గుర్తుపెట్టుకోవద్దని నిషేధించలేదు. గుర్తుపెట్టుకున్నవాడికి కబురు చేరే దారి ముందే వేసుకోమన్నారు. వాచ్‌మన్ తాత అడిగింది ఇదే.

గడువు పెట్టడం

1980లలో ఒకే పెద్ద యంత్రం పోయి, గదికొక కంప్యూటరు వచ్చింది. ఎంఐటీలో 1983లో మొదలైన అథీనా ప్రాజెక్టులో క్యాంపస్ నిండా యంత్రాలు పెట్టారు. ఎవరు ఎవరో తేల్చడానికి కెర్బరోస్ అనే పద్ధతి కట్టారు. 1988లో దాన్ని లోకానికి వివరించారు. గ్రీకు కథల్లో పాతాళ ద్వారం దగ్గర కాపలా కాసే మూడు తలల కుక్క పేరది.

ఉదయం ఒక్కసారి పాస్‌వర్డ్ చెబితే కెర్బరోస్ ఒక టికెట్ ఇస్తుంది. ఆ తరవాత ప్రింటరు దగ్గరికి వెళ్లినా, ఫైళ్ల దగ్గరికి వెళ్లినా టికెట్ చూపితే చాలు. ఇచ్చిన టికెట్లను వెనక్కి తీసుకోవడానికి క్యాంపస్ అంతా తిరగడం కుదరదు కనుక, టికెట్ మీదే గడువు రాశారు. నాలుగో వెర్షనులో ఆ గడువుకు కేటాయించిన చోటు చిన్నది. అయిదు నిమిషాల లెక్కన 255 దాకా మాత్రమే రాయవచ్చు. అంటే ఎంత ఉదారంగా ఇచ్చినా 21 గంటల 15 నిమిషాలు. ఆ తరవాత ఎవరూ ఏమీ చెప్పకపోయినా టికెట్ దానంతటదే చెల్లకుండా పోతుంది.

మన పెన్షనరు గురువులకు ఈ లెక్క నేను చెప్పనక్కర్లేదు. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ అదే కదా. పెన్షను అర్హత ఒకసారి తేల్చి ట్రెజరీ గుర్తుపెట్టుకుంటుంది. నెలనెలా ఇంటికొచ్చి చూడలేదు. అందుకని ఆ జ్ఞాపకానికి ఒక ఏడాది గడువు పెట్టింది. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో కూడా ఇవ్వగలుగుతున్నాం. సర్టిఫికెట్ ఇచ్చిన మరుసటి నెలలో మనిషి పోతే కుటుంబం తెలపాలి. తెలిపేదాకా కాగితం మీద ఆయన ఉన్నట్టే. గడువు పద్ధతిలో ఉన్న ఇరుకు అదే. గడువు ఎంత పెద్దదైతే, తప్పు జవాబు చెల్లే కాలం అంత పెద్దది.

కొండ మీద చూసినది

తిరుపతివాళ్లం మనం దీన్ని కళ్లారా చూసినవాళ్లం. సుదర్శనం పేరుతో చేతికి పట్టీ కట్టి, దాని మీద దర్శనం వేళ వేసి ఇచ్చిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. అంతకుముందు వైకుంఠం క్యూ కాంప్లెక్సు కంపార్టుమెంట్లలో గంటలకు గంటలు కూర్చునేవాళ్లం. పట్టీ వచ్చాక నిర్ణయం ముందే జరిగిపోయింది. ఆ నిర్ణయాన్ని భక్తుడే మణికట్టు మీద మోసుకుని వస్తాడు. పైనున్న మనిషి తేదీ, వేళ చూసుకుని పంపేస్తాడు. తరవాత వచ్చిన టైమ్ స్లాట్ టోకెన్లూ, ఆన్‌లైన్‌లో కొనే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లూ ఆ దారిలోవే.

ఇచ్చేసిన అనుమతిని వెనక్కి తీసుకోవాల్సివస్తే? గ్రహణమైతే చిక్కు లేదు. పంచాంగంలో ముందే ఉంటుంది. ఆ రోజు గుడి తలుపులు మూస్తారని తెలుసు కనుక ఆ వేళలకు టోకెన్లే ఇవ్వరు. 2020 మార్చిలో వచ్చినది పంచాంగంలో లేదు. కరోనా కారణంగా మార్చి 20 నుంచి శ్రీవారి దర్శనాలు ఆపేశారు. అప్పటికే రాబోయే తేదీలకు టికెట్లు కొన్న భక్తులు దేశమంతటా ఉన్నారు. వాళ్ల చేతుల్లోని కాగితం మీద తేదీ చెల్లుతుంది, ముద్ర చెల్లుతుంది, పేరు చెల్లుతుంది. దర్శనం మాత్రం లేదు. దేవస్థానం పత్రికల్లో, టీవీల్లో చెప్పాల్సివచ్చింది. డబ్బు తిరిగి ఇస్తామని ప్రకటించాల్సివచ్చింది. తెలియక వచ్చినవాళ్లకు అలిపిరి దగ్గరే చెప్పి వెనక్కి పంపాల్సివచ్చింది. జూన్ 8న ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, జూన్ 11 నుంచి మామూలు భక్తులను అనుమతించారు.

నేను ఆ రోజుల్లో ఇంటి నుంచే పనిచేస్తూ, మా జట్టులోని కుర్రాళ్లకు ఈ ఉదాహరణే చెప్పాను. గడువు ఒక్కటే చాలదు. అనుకోనిది జరిగితే కబురు పంపే దారి ఉండాలి. కబురు అందనివాడు వస్తాడు కనుక, చేతిలో టికెట్ ఉన్నా ఆపగలిగే గేటు ఒకటి ఉండాలి.

మీ జేబులో ఉన్న తనిఖీ

ఈ కబురు పద్ధతిని శ్రద్ధగా కట్టిన పని 1999లో బయటికొచ్చింది. యూటా విశ్వవిద్యాలయం, అమెరికా జాతీయ భద్రతా సంస్థ, సెక్యూర్ కంప్యూటింగ్ అనే కంపెనీ కలిసి ఫ్లాస్క్ అనే నమూనా తయారు చేశాయి. అందులో నియమాలు చదివి జవాబు చెప్పే భాగం వేరు, ఆ జవాబు ప్రకారం తలుపు తీసే భాగం వేరు. తలుపు దగ్గర ఒక చిన్న జ్ఞాపకాల పెట్టె. దాని పేరు యాక్సెస్ వెక్టర్ క్యాష్. నియమాలు మారితే జవాబు చెప్పే భాగం తలుపులన్నింటికీ కబురు పంపుతుంది. తలుపులు పాత జవాబులు పారేసి, "పారేశాం" అని తిరిగి చెప్పాలి. కబురుకు వరుస సంఖ్య కూడా ఉంటుంది. ఆలస్యంగా చేరిన పాత జవాబు కొత్తదాన్ని తోసేయకుండా ఆ సంఖ్య కాపాడుతుంది.

2000 డిసెంబరులో ఇదే నమూనా సెలైనక్స్ పేరుతో విడుదలైంది. 2003లో లైనక్స్ 2.6లో భాగమైంది. ఆండ్రాయిడ్‌లో 2013లో 4.3 వెర్షనుతో అడుగుపెట్టి, 2014లో 5.0 నుంచి పూర్తిగా అమలైంది. ఈ వ్యాసం చదువుతున్న మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే, దానిలోపల ఆ జ్ఞాపకాల పెట్టె ఇప్పుడు కూడా పనిచేస్తూనే ఉంది. అందులో మామూలుగా 500 పైచిలుకు జవాబులే ఉంచుకుంటుంది. అంతకు మించితే కొన్నింటిని తీసేస్తుంది. మళ్లీ అవసరమైతే మళ్లీ అడుగుతుంది, అంతే.

ప్రశ్నపత్రం కథ

మరో ఇరవై ఏళ్లకు గూగుల్ సంస్థ జాంజిబార్ అనే తన అనుమతుల వ్యవస్థ గురించి 2019లో వ్యాసం ప్రకటించింది. లక్షల కోట్ల అనుమతుల వివరాలు, సెకనుకు లక్షల ప్రశ్నలు. నూటికి 95 జవాబులు సెకనులో నూరో వంతు లోపే రావాలి. జ్ఞాపకం పెట్టుకోకుండా అది సాధ్యం కాదు. ప్రపంచమంతటా ఉన్న యంత్రాలకు ఒక్క క్షణంలో కబురు చేరదు కూడా.

ఆ వ్యాసంలో వాళ్లు కొత్త శత్రువు అని పిలిచిన చిక్కును గురువులకు అర్థమయ్యేలా చెబుతాను. హెడ్మాస్టరు గారు ఒక ఫోల్డరు నుంచి ఒకరి పేరు తీసేశారు. ఆ తరవాతే అందులో వార్షిక పరీక్ష ప్రశ్నపత్రం పెట్టారు. వరుస సరిగ్గానే ఉంది. కానీ ఎక్కడో దూరంగా ఉన్న యంత్రం దగ్గర ఇంకా పాత జాబితా ఉంది. కొత్త ప్రశ్నపత్రాన్ని పాత జాబితాతో పోల్చి చూస్తే, తీసేసిన మనిషికి పత్రం తెరుచుకుంటుంది.

దీనికి వాళ్లు పెట్టిన విరుగుడు తేలికైనదే. పత్రం దాచేటప్పుడే దాని మీద ఒక కాలపు గుర్తు వేస్తారు. తనిఖీ చేసే యంత్రం దగ్గరున్న జాబితా కనీసం ఆ గుర్తంత కొత్తదై ఉండాలి. అంతకంటే పాతదైతే ఆ జాబితాతో జవాబు చెప్పకూడదు. మిగతా పాత పత్రాలకు పాత జ్ఞాపకం సరిపోతుంది. ఎంత తాజా జ్ఞాపకం కావాలో వస్తువును బట్టి తేల్చారన్నమాట.

నా తప్పు

ఇంతవరకు తప్పు "అవును"ల గురించే చెప్పాను. నాకు బుద్ధి చెప్పింది మాత్రం ఒక తప్పు "కాదు".

పదిహేనేళ్ల కిందటి మాట. ఒక పెద్ద ఆస్పత్రికి రోగుల రికార్డులు చూపే అప్లికేషను రాస్తున్నాం. పేజీలు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయని గొడవ. అనుమతుల జవాబులను గుర్తుపెట్టుకునే భాగం నేనే రాశాను. ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో ఒక అంకె వేయాలి. 30 నిమిషాలు అని వేశాను. ఎవరినీ అడగలేదు. అవునుకూ కాదుకూ అదే అంకె. పేజీలు చకచకా తెరుచుకున్నాయి, అందరూ మెచ్చుకున్నారు.

కొన్ని వారాల తరవాత రాత్రి రెండు గంటలకు ఫోను. వేరే వార్డు డ్యూటీ డాక్టరును హడావిడిగా ఇంకో వార్డుకు పిలిచారు. ఆయన పేరు ఆ వార్డు డ్యూటీ పట్టికలో ఎక్కేలోపే ఆయన రోగి రికార్డు తెరవబోయాడు. కంప్యూటరు కాదంది. రెండు నిమిషాల్లో పట్టికలో పేరు చేర్చారు. అయినా కాదంది. మళ్లీ మళ్లీ కాదంది. నా అంకె ప్రకారం అది అరగంటసేపు కాదంటూనే ఉంటుంది. ఆ రోగికి ఏ మందు పడదో ఆ రికార్డులోనే రాసి ఉంది. నర్సు ఒకామె కిందికి పరుగెత్తి పాత కాగితం ఫైలు వెతికి తెచ్చింది. రోగికి ఏమీ కాలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శ్రీవారి బంగారు వాకిలి దగ్గర నిలబడే జయవిజయుల కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. వాళ్లకు శాపం తగిలింది దొంగను లోపలికి వదిలినందుకా? లోపలికి వెళ్లాల్సిన సనకసనందనాదులను ఆపినందుకు. నేను అప్పటిదాకా దొంగ గురించే ఆలోచించాను.

మర్నాడు ఆస్పత్రివాళ్లతో కూర్చున్నాం. కాదన్న జవాబును పది సెకన్లకు మించి గుర్తుపెట్టుకోవద్దన్నాం. అసలు గుర్తుపెట్టుకోకుంటే, చెడిపోయిన ప్రోగ్రాము ఒకటి అదే ప్రశ్న వేల సార్లు అడిగి యంత్రాన్ని కూలదోయగలదు. అందుకే ఆ పది. డ్యూటీ పట్టిక మారగానే ఆ మనిషి తాలూకు జ్ఞాపకాలన్నీ చెరిపేసేలా కబురు ఏర్పాటు చేశాం. మందు రాయడం వంటి పనులకు మాత్రం జ్ఞాపకంతో పనిలేకుండా ప్రతిసారీ అడిగి తీరాలన్నాం. ప్రాణాపాయం ఉంటే డాక్టరు కారణం రాసి తెరిచే దారి ఒకటి పెట్టి, ఎవరు తెరిచారో మర్నాడు పెద్దలు చూసేలా చేశాం.

ఆ సమావేశంలో ఆస్పత్రి పెద్దావిడ ఒకరు నన్ను అడిగారు. "మా దగ్గర ఉద్యోగం మానేసినవాళ్లు ఎంతసేపు మా రికార్డులు చూడగలరు?" అరగంట అన్నాను. "ఆ సంగతి నిర్ణయించింది ఎవరు బాబూ?" అన్నారామె. నేనే. ప్రోగ్రాములో ఒక మూల వేసిన అంకె అది. నిజానికి అది ఆస్పత్రి నడిపేవాళ్లు తేల్చాల్సిన మాట. జవాబు చెప్పే యంత్రం ఆగిపోతే పాత జ్ఞాపకంతో నడపాలా, తలుపులు మూసేయాలా అన్నదీ వాళ్లు తేల్చాల్సినదే. మా పని ఆ ప్రశ్న వాళ్ల ముందు పెట్టడం. అప్పటి నుంచి నేను ఏ కొత్త పని మొదలుపెట్టినా, ముందు ఆ ప్రశ్న అడిగి, జవాబు కాగితం మీద రాయించుకుని, తరవాతే అంకె వేస్తున్నాను.

మన సంఘం సంగతి

ఇక ఇంటి సంగతి. మన సంఘం వెబ్‌సైటు చూసుకునే పని పోయిన ఏడాది నాకు అప్పగించారు. తెరిచి చూస్తే, మూడు కమిటీల కిందటి పదాధికారులకు కూడా సభ్యుల జాబితా, ఫోను నంబర్లు చూసే అనుమతి అలాగే ఉంది. వాళ్లంతా మన పెద్దలే, ఎవరిమీదా అనుమానం లేదు. కమిటీ మారిందని ఎవరూ యంత్రానికి చెప్పలేదు, అంతే. మరోవైపు కొత్త కోశాధికారి గారికి విరాళాల పేజీ తెరుచుకోక నెల రోజులు అవస్థ పడ్డారు. రెండూ సరిచేశాను. ఇకపై కమిటీ ఎన్నికైన రోజే, మినిట్స్ పుస్తకంలో సంతకాలతోపాటు వెబ్‌సైటు అనుమతులు మార్చడం కూడా ఒక అంశంగా రాయాలని సర్వసభ్య సమావేశానికి ప్రతిపాదిస్తున్నాను. అనుమతులన్నీ ఏటా మార్చి 31తో ముగిసి, మళ్లీ ఇస్తేనే చెల్లాలని కూడా.

మొదట చెప్పిన కుర్రాడి కథ పూర్తి చేసి సెలవు తీసుకుంటాను. హెడ్మాస్టరు గారు ఆ రోజు వాణ్ణి తిట్టి పంపలేదు. కొత్త బడిలో లైబ్రరీ లేదని వాడు చెబితే, ఒక చీటీ రాసిచ్చారు. సాయంత్రం లైబ్రరీకి రానివ్వవచ్చు, వార్షిక పరీక్షల దాకా అని. కింద తేదీ వేసి సంతకం పెట్టారు. ఆ చీటీ వాడి చేతికి ఇవ్వకుండా, తానే గేటు దాకా నడిచివెళ్లి వాచ్‌మన్ తాతకు చదివి వినిపించారు.

మన సంఘం నియమావళి ప్రకారం ఈ బడిలో ఒక్క ఏడాది చదివినా సభ్యత్వానికి అర్హులే. వాడూ ఇప్పుడు సభ్యుడే. స్వర్ణోత్సవాల రోజు సాయంత్రం వస్తానన్నాడు. గేటు దగ్గర ఇచ్చే పట్టీలో వాడి పేరు ఉందో లేదో నేనే చూసుకున్నాను.